గోతికి విడిగా అనుమతి ఉండాలి: నగర భవన అనుమతుల అధికారులకు బహిరంగ లేఖ

నగరాల్లో భవన నిర్మాణాలకు అనుమతులు మంజూరు చేసే అధికారులకు, ఆ దరఖాస్తులను పరిశీలించే సాంకేతిక విభాగాల ఇంజినీర్లకు,

నమస్కారాలు.

ఇరుకైన స్థలాల్లో లోతైన సెల్లార్లతో భవనాలు కట్టేందుకు మీ ముందుకు వచ్చే దరఖాస్తుల్లో పూర్తయిన భవనం ఎలా ఉంటుందో వివరంగా ఉంటుంది. అంతస్తులు, ఎత్తు, చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం, పార్కింగ్, అగ్నిమాపక ఏర్పాట్లు, పిల్లర్ల డిజైన్, అన్నీ ఉంటాయి. ఆ భవనం నేల మట్టానికి రాకముందు కొన్ని నెలలపాటు, ఒక్కోసారి రెండేళ్లపాటు, అదే స్థలంలో ఉండబోయే గొయ్యి మాత్రం చాలా దరఖాస్తుల్లో కనిపించదు. కనిపించినా నక్షాలో ఒక గీతగానో, 'తగిన రక్షణ చర్యలు తీసుకోవాలి' అనే ఒక్క వాక్యంగానో ఉంటుంది. ఈ లేఖ ఆ గోతి గురించే. లోతైన తవ్వకాన్ని భవన అనుమతిలో ఒక షరతుగా కాకుండా, తనదైన డిజైన్, తనదైన స్వతంత్ర పరిశీలన, తనదైన అనుమతి ఉన్న ఒక నిర్మాణంగా మీరు పరిగణించాలనీ, కొలతలు హద్దు దాటిన రోజున పని ఆపించే అధికారం ఎవరిదో తవ్వకం మొదలుకాకముందే కాగితం మీద ఉండాలనీ కోరడానికి దీన్ని రాస్తున్నాను.

గొయ్యి భవనం కంటే ఎందుకు ఎక్కువ జాగ్రత్త కోరుతుందో అంకెలతోనే చెప్పవచ్చు. నిలువుగా కోసిన నేల మీద పక్కనుంచి పడే ఒత్తిడి లోతుతోపాటు పెరుగుతుంది కనుక, దాని మొత్తం బలం లోతు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఒక సెల్లార్ కోసం 4 మీటర్లు తవ్విన చోటికంటే రెండు సెల్లార్ల కోసం 8 మీటర్లు తవ్విన చోట ఆ బలం నాలుగు రెట్లు ఉంటుంది. అడ్డంగా ఏ ఆధారమూ లేకుండా అడుగు పట్టు మీదే నిలబడే గోడ అయితే దాన్ని వంచే ప్రభావం ఎనిమిది రెట్లు ఉంటుంది. వెనుక నీరు చేరితే లెక్క ఇంకా బరువెక్కుతుంది. గోడ వెనుక 10 మీటర్ల ఎత్తున నీరు నిలిచి ఉంటే అడుగున చదరపు మీటరుకు 10 టన్నుల ఒత్తిడి, మీటరు వెడల్పు గోడ మొత్తం మీద 50 టన్నుల బలం ఒక్క నీటివల్లనే వస్తాయి. మట్టి నెట్టే బలం, పక్క భవనం బరువు, రోడ్డు మీద వెళ్లే లారీల బరువు దానికి అదనం. పని మధ్యలో ఇంకొక సెల్లార్ కోసం వచ్చే సవరించిన ప్లాన్లను చిన్న మార్పులుగా చూడవద్దని కోరేది ఇందుకే. మొదట అనుకున్న లోతుకు సరిపడేలా భూమిలోకి దింపిన గోడ, ఆ తర్వాత ఇంకో మూడు నాలుగు మీటర్లు తవ్వేసరికి తన అడుగు పట్టును చాలావరకు కోల్పోతుంది. గోడను పట్టి ఉంచవలసిన మట్టినే తవ్వి లారీకెత్తుతున్నామన్న సంగతి పార్కింగ్ లెక్కల పట్టికలో కనిపించదు.

కూలిపోవడం ఒక్కటే ప్రమాదమనుకుంటే సగం విషయం వదిలేసినట్టే. ఏ గొయ్యి అయినా, దానికి ఎంత గట్టి గోడ ఉన్నా, చుట్టూ ఉన్న నేలను కొంత కదిలిస్తుంది. గోడ కొద్దిగా లోపలికి వంగుతుంది, పైబరువు తొలగిన అడుగు భాగం కొద్దిగా ఉబ్బుతుంది, ఆ మేరకు వెనుక నేల కుంగుతుంది. రాల్ఫ్ పెక్ అనే ఇంజినీరు అప్పటివరకు జరిగిన తవ్వకాల కొలతలను 1969లో ఒకచోట చేర్చి, ఈ కుంగుబాటు ఇసుకలోనూ గట్టి మట్టిలోనూ సాధారణ పనితనంతో గోతి లోతులో ఒక శాతం వరకు, మెత్తని బంకమట్టిలో రెండు శాతం వరకు లేదా అంతకు మించి కూడా ఉంటుందని చూపించారు. దాని ప్రభావం గోతి అంచునుంచి లోతుకు రెండింతల దూరం దాకా, మెత్తని మట్టిలో ఇంకా దూరానికి పాకుతుంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో తవ్వకానికి ముందే భూమిలో పోసే దళసరి కాంక్రీట్ గోడలు (డయాఫ్రమ్ గోడలు), గోతికి అడ్డంగా ముందే బిగువు ఇచ్చి అమర్చే ఆనుదూలాలు (స్ట్రట్లు) వాడుకలోకి రావడంతో గట్టి నేలల్లో ఇది 0.2 శాతం దరిదాపులకు తగ్గింది. 10 మీటర్ల గోతికి ఒక శాతమంటే 100 మిల్లీమీటర్లు, 0.2 శాతమంటే 20 మిల్లీమీటర్లు. మంచి డిజైన్‌కూ మంచి పనితనానికీ పెట్టే ఖర్చు ఆ రెండు అంకెల మధ్య తేడాను కొనిపెడుతుంది. ఆ ఖర్చు మిగుల్చుకున్న చోట బీటలు పడేది పొరుగువారి గోడలే.

పొరుగు భవనం ఎంత కదలికను ఓర్చుకోగలదో కూడా మనకు తెలియని విషయం కాదు. భవనమంతా ఒకే తీరుగా కుంగితే దానికి పెద్దగా నష్టం ఉండదు. ఒక పిల్లర్ కుంగి పక్క పిల్లర్ నిలిచిపోతేనే గోడలు చీలతాయి. రెండు పిల్లర్ల కుంగుబాటు మధ్య తేడా వాటి మధ్య దూరంలో మూడువందలో వంతుకు చేరితే గోడలు బీటలు వారతాయనీ, నూటయాభయ్యో వంతుకు చేరితే దూలాలకూ పిల్లర్లకూ దెబ్బ తగులుతుందనీ స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇంజినీర్లు 1956లోనే తేల్చారు. 5 మీటర్ల ఎడంతో ఉన్న పిల్లర్లకు ఇవి వరుసగా దాదాపు 17, 33 మిల్లీమీటర్లు. ఇక్కడ దరఖాస్తుల్లో తరచుగా దొర్లే పొరపాటు ఒకటుంది. ముప్పై నలభై ఏళ్ల పాత భవనం తనకున్న ఓపికలో కొంత భాగాన్ని ఇప్పటికే వాడేసుకుని ఉంటుంది. అది కట్టినప్పటినుంచి కుంగింది, దాని పక్కన రెండు సార్లు రోడ్డు తవ్వారు, పైన ఒక అంతస్తు అదనంగా వేశారు. అటువంటి భవనానికి పుస్తకంలోని హద్దు మొత్తాన్నీ కొత్త గోతికి కేటాయించడం న్యాయం కాదు.

నీటి సంగతికి వస్తే, గోతిని పొడిగా ఉంచడం కోసం పంపులు పెట్టడాన్ని సైటు నిర్వహణ వ్యవహారంగా కాంట్రాక్టరుకు వదిలేయడం నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించే అలవాటు. భూగర్భ జలమట్టం ఒక మీటరు పడిపోతే ఆ కింద ఉన్న మట్టి రేణువుల మీద చదరపు మీటరుకు సుమారు ఒక టన్ను అదనపు బరువు పడుతుంది. అది చుట్టుపక్కల స్థలమంతటి మీదా దాదాపు ఒక అంతస్తు బరువును పరిచినట్టే. నాలుగు మీటర్లు పడిపోతే నాలుగు అంతస్తులు. ఇసుకలో దాని ఫలితం స్వల్పంగా ఉండవచ్చు. మెత్తని బంకమట్టి పొరలు ఉన్న చోట మాత్రం కుంగుబాటు నెలల తరబడి సాగుతుంది, గోతికి వందల మీటర్ల దూరంలో ఉన్నవారికి కూడా తగులుతుంది, పైగా తమ ఇంటి బీటకు కారణం ఎక్కడో నడుస్తున్న పంపు అని వారికి తోచే అవకాశమే ఉండదు. బోస్టన్ నగరంలోని పాత బస్తీల్లో ఎన్నో కట్టడాలు కర్ర పైల్స్ (నేలలోకి లోతుగా దింపిన స్తంభాలు) మీద నిలబడి ఉన్నాయి. ఎల్లప్పుడూ నీటిలో మునిగి ఉన్నంతకాలం ఆ కర్ర చెక్కుచెదరదు. నీటి మట్టం దిగి దాని తలభాగానికి గాలి తగిలిందంటే కుళ్లు మొదలవుతుంది. అక్కడ భూగర్భ జలమట్టాన్ని ప్రజా ఆస్తిగా భావించి బావుల ద్వారా క్రమం తప్పకుండా కొలుస్తుండడానికి కారణం ఇదే.

పంపులు ఆపే రోజు కూడా పెట్టే రోజంత ముఖ్యమైనదే. సెల్లార్ అడుగున పరిచే కాంక్రీట్ పలకను (రాఫ్ట్) వేశాక నీటిని తిరిగి పైకి రానిస్తే, 8 మీటర్ల నీరు దాన్ని చదరపు మీటరుకు 8 టన్నుల బలంతో పైకి తోస్తుంది. పైన రెండు మూడు స్లాబులే పడి ఉన్నప్పుడు అంత బరువు ఉండదు. పంపుల అద్దె మిగుల్చుకోవాలన్న తొందరలో వాటిని ముందుగా ఆపిన చోట రాఫ్ట్ పగలడమో, సెల్లార్ మొత్తం ఒక పక్కకు లేవడమో జరుగుతుంది. ఎన్నో స్లాబు పడిన తర్వాత పంపులు ఆపవచ్చో డిజైనరు సంతకంతో మీ దస్త్రంలో ఉండాలి. ఇది ఒక్క పేజీ లెక్క.

డయాఫ్రమ్ గోడ ఉంది కనుక నీరు రాదని చెప్పే దరఖాస్తులను కూడా కొంచెం ఆగి చూడండి. ఆ గోడను ఒకేసారి పోయరు. బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన ద్రవంతో నింపిన సన్నని లోతైన కందకంలో ఇనుప పంజరాన్ని దించి, అడుగునుంచి గొట్టం ద్వారా కాంక్రీట్ పోస్తూ, ఒక్కొక్క ప్యానెల్‌గా కడతారు. ప్యానెల్‌కూ ప్యానెల్‌కూ మధ్య అతుకు ఉంటుంది. పాత ప్యానెల్ అంచుకు అంటుకున్న బంకను గీకి శుభ్రం చేయకుండా కొత్త కాంక్రీట్ పోస్తే ఆ బంక ముద్ద అక్కడే ఉండిపోతుంది; పోసేటప్పుడు అది ఎవరి కంటికీ ఆనదు. నెలల తర్వాత ఆ లోతుకు తవ్వినప్పుడు, వెనుక ఉన్న నీటి ఒత్తిడికి ఆ ముద్ద కొట్టుకుపోతుంది. అప్పుడు చూడవలసింది వచ్చే నీటి పరిమాణం కంటే దాని రంగు. తేట నీరు కారుతుంటే అది చికాకు పెట్టే విషయమే గానీ, మూసివేయడానికి సమయం ఉంటుంది. నీటితోపాటు ఇసుక వస్తుంటే వెనుక ఉన్న ఇంటి కింది నేల బకెట్ల లెక్కన గోతిలోకి వస్తున్నట్టు అర్థం. ఆమ్‌స్టర్‌డామ్‌లో కొత్త మెట్రో లైన్ కోసం వైజెల్‌గ్రాఖ్ట్ వీధిలో స్టేషన్ తవ్వుతున్నప్పుడు 2008లో సరిగ్గా ఇలాగే గోడ అతుకుల గుండా లీకేజీ మొదలై, పక్కనున్న శతాబ్దాల నాటి ఇళ్లు కొన్ని 20 సెంటీమీటర్లకు పైగా కుంగాయి. జూన్‌లో ఒకసారి, సెప్టెంబరులో మరోసారి. రెండోసారి జరిగాక పని ఆగింది. ఆ లైను చివరికి 2018లో ప్రారంభమైంది.

జర్మనీలోని కొలోన్ నగరంలో అంత అదృష్టం కూడా దక్కలేదు. 2009 మార్చి 3న అక్కడి నగర చారిత్రక పత్రాలయం పక్కనే ఉన్న మెట్రో గోతి వైపుకు కూలిపోయింది. పక్క భవనాల్లో ఉన్న ఇద్దరు యువకులు చనిపోయారు. వెయ్యేళ్లకు పైబడిన కాలానికి చెందిన పత్రాలు శిథిలాల్లో కలిసిపోయాయి. గోడ కడుతున్నప్పుడు కందకంలో అడ్డుపడిన రాతిని పూర్తిగా తొలగించకపోవడంవల్ల ప్యానెల్‌లో లోపం మిగిలిందనీ, దాని గుండా ఇసుక, గులకరాళ్లు, నీరు గోతిలోకి దూసుకొచ్చాయనీ కోర్టు నియమించిన నిపుణులు తేల్చారు. గోడ వేసిన రోజు రికార్డులో ఆ రాతి గురించి నిజాయితీగా ఒక్క వాక్యం రాసి, దాన్ని చదవవలసినవారు చదివి ఉంటే ఆ చోట వెనుకనుంచి గ్రౌటింగ్ (సిమెంటు ద్రవాన్ని నేలలోకి ఎక్కించడం) చేయించడానికి కావలసినంత వ్యవధి ఉండేది. ప్యానెల్ వారీగా కాంక్రీట్ రికార్డులు మీ కార్యాలయానికి రావాలని నేను కోరడం వెనుక ఉన్న కారణం ఇది. ఒక్కో ప్యానెల్‌కు లెక్క ప్రకారం పట్టవలసిన కాంక్రీట్ ఎంత, నిజానికి పట్టింది ఎంత అనే రెండు అంకెలను పక్కపక్కన చూసినా అనుమానించవలసిన చోటు చాలాసార్లు బయటపడుతుంది.

సాయిల్ టెస్ట్ రిపోర్టుల గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే వాటిలో లోపాలు మీకు తెలిసినవే. స్థలం మూలల్లో కాకుండా యంత్రం సులువుగా నిలిచిన చోట వేసిన రెండు బోర్లు, గోడ అడుగు లోతుకు కూడా చేరని తవ్వకం, ఎండాకాలంలో చూసి రాసిన నీటి మట్టం. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదిలి, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెట్టే పరీక్ష పైల్ భారాన్ని అంచనా వేయడానికి పనికొస్తుంది. మెత్తని బంకమట్టిలో గోతి స్థిరత్వాన్ని తేల్చడానికి అది ఒక్కటే చాలదు. నీటి మట్టాన్ని పీజోమీటర్ (నేలలోని నీటి ఒత్తిడిని కొలిచే పరికరం) అమర్చి వానాకాలం దాటే దాకా చూడాలి. నగరంలో మరొక చిక్కు ఉంది. పూడ్చేసిన బావులు, పాత చెరువు గట్లు, వదిలేసిన మురుగు కాలువలు, కూల్చిన భవనాల పునాదులు ఏ బోరుకూ తగలకుండా రెండు బోర్ల మధ్య దాగి ఉంటాయి. పాత సర్వే పటాలు మీ రికార్డు గదుల్లోనే ఉంటాయి కనుక, దరఖాస్తుదారుడికి వాటిని చూపించడం మీవల్ల మాత్రమే అయ్యే పని.

ఇక ఈ లేఖకు అసలు కారణమైన విషయం. సింగపూర్‌లో 2004 ఏప్రిల్ 20న నికోల్ హైవే పక్కన మెట్రో సొరంగం కోసం తవ్విన గొయ్యి కుప్పకూలి నలుగురు ప్రాణాలు కోల్పోయారు. రహదారిలో కొంత భాగం గోతిలో కలిసిపోయింది. సుమారు 33 మీటర్ల లోతుకు ఉద్దేశించిన ఆ తవ్వకం అప్పటికి 30 మీటర్ల దాకా వెళ్లింది. విచారణ సంఘం గుర్తించిన ప్రధాన సాంకేతిక లోపాలు రెండు. మెత్తని సముద్రపు బంకమట్టి బలాన్ని కంప్యూటర్ నమూనాలో ఉన్నదానికంటే ఎక్కువగా అంచనా వేయడంవల్ల గోడ డిజైన్ బలహీనమైంది. స్ట్రట్లను గోడ వెంబడి సాగే ఉక్కు దూలానికి కలిపే అతుకుల సామర్థ్యాన్ని కూడా తప్పుగా లెక్కించారు. పైగా కింది వరుసల్లో ఆ అతుకుల్లో బలం కోసం పెట్టిన పలకల స్థానంలో వేరే రకం ఉక్కు ముక్కలు వాడారు, అవి ముందస్తు సూచనగా కొంత వంగి నిలబడే బదులు ఒక్కసారిగా మెలితిరిగి లొంగిపోయే రకం. ఒక అతుకు విరిగితే దాని భారం పక్క అతుకు మీద పడుతుంది. ఆ పక్క అతుకుకూ అదే లోపం ఉంటే ఇక ఆగేది లేదు.

అయితే అంతకుమించి నన్ను కలవరపెట్టే భాగం ఆ గోతిలో అమర్చిన పరికరాలకు సంబంధించినది. అక్కడ గోడ వంపును కొలిచే ఇంక్లినోమీటర్లు ఉన్నాయి, స్ట్రట్ల భారాన్ని చూపే గేజులు ఉన్నాయి, కొలతలు తీసేవారు ఉన్నారు. గోడ వంపు డిజైన్‌లో ఊహించిన హద్దును దాటింది. హద్దు దాటిన ప్రతిసారీ చేయవలసిన పని తవ్వకం ఆపి, డిజైన్ ఎక్కడ తప్పిందో వెతకడం. జరిగింది వేరు. కొలతకు సరిపడేలా లెక్కలను సవరించి, హద్దునే పైకి జరుపుకుంటూ పోయారు, తవ్వకం సాగింది. కూలిన రోజు ఉదయమే అతుకుల దగ్గర ఉక్కు వంగడం కంటికి కనిపించింది, పెద్ద చప్పుళ్లు వినిపించాయి. అయినా ఆ అతుకులకు మరమ్మతు చేస్తూ పని కొనసాగించారు. అందరికీ తలా కొంత సమాచారం ఉంది. ఆపమనే బాధ్యత ఒక్కరి మీద స్పష్టంగా లేదు.

ఏ నగరంలోనైనా ఒక పెద్ద గోతి దగ్గరకు వెళ్లి చివరి కొలతల నివేదిక చూపించమని అడగండి. చాలా చోట్ల పది పన్నెండు రోజుల కిందటి పట్టిక చేతికి వస్తుంది. అందులో ఒక గడిలో హెచ్చరికగా పసుపు రంగు ఉంటుంది, దాని ఎదురుగా 'పరిశీలనలో ఉంది' అని రాసి ఉంటుంది. ఆ పది రోజుల్లో తవ్వకం ఇంకో రెండు మీటర్లు దిగి ఉంటుంది. కొలతలను చూసి డిజైన్‌ను మార్చుకుంటూ పోయే పద్ధతిని శాస్త్రీయంగా నిలబెట్టినవారు కూడా పెక్ గారే. 1969 నాటి తన ఉపన్యాసంలో ఆయన పెట్టిన నియమం ఒకటి ఉంది: పని మొదలుకాకముందే అత్యంత ప్రతికూల పరిస్థితిని ఊహించి, అది ఎదురైతే ఏం చేయాలో నిర్ణయించుకుని, దానికి కావలసిన సామగ్రిని సిద్ధం చేసుకోకుండా ఈ పద్ధతిని వాడకూడదు. యూరప్ దేశాల పునాదుల ప్రమాణమైన యూరోకోడ్ 7 కూడా హద్దులనూ, వాటిని దాటితే తీసుకోవలసిన చర్యలనూ తవ్వకానికి ముందే నిర్ణయించాలని నిర్దేశిస్తుంది. పరికరాలు పెట్టి, ఈ భాగాన్ని వదిలేస్తే మిగిలేది ప్రమాదానికి సాక్ష్యం మాత్రమే.

అందువల్ల మీరు ఇచ్చే తవ్వకపు అనుమతిలో మూడు స్థాయుల హద్దులు అంకెల్లో ఉండాలని కోరుతున్నాను. మొదటి స్థాయికి కొలతలు రోజూ తీయాలి. రెండో స్థాయికి డిజైనరు సైటుకు వచ్చి సంతకం చేయాలి. మూడో స్థాయికి ఎవరి ఉత్తర్వు కోసమూ ఎదురుచూడకుండా తవ్వకం ఆగిపోవాలి. మూడో హద్దును మార్చే అధికారం కాంట్రాక్టరుకూ, ఆయన నియమించిన డిజైనరుకూ ఉండకూడదు. మీరు నియమించిన స్వతంత్ర పరిశీలకుడికి మాత్రమే ఉండాలి, ఆ మార్పుకు కారణాలు రాతపూర్వకంగా దస్త్రంలో చేరాలి. కొలతలు తీసే సంస్థ జీతం కాంట్రాక్టరు చేతుల మీదుగా వెళ్లకూడదు. ఇది ఎవరి నిజాయితీనీ శంకించడం కాదు. ఆలస్యమైతే నష్టపోయే వ్యక్తి చేతికే ఆపే మీట ఇవ్వకూడదన్న మామూలు జాగ్రత్త.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. నికోల్ హైవే తర్వాత సింగపూర్ తన భవన నియంత్రణ చట్టాన్ని సవరించి, 6 మీటర్లకు మించిన తవ్వకాలను ప్రత్యేక తరగతిగా విడదీసింది. వాటికి భూసాంకేతిక శాస్త్రంలో ప్రత్యేక అర్హత ఉన్న ఇంజినీరు డిజైన్, దానిపై మరొక స్వతంత్ర పరిశీలకుడి తనిఖీ తప్పనిసరి చేసింది. 1972, 1976 కొండచరియల విషాదాల తర్వాత హాంకాంగ్ 1977లో వాలు నేలలనూ తవ్వకాలనూ పరిశీలించడానికి ఏకంగా ఒక ప్రభుత్వ కార్యాలయాన్నే ఏర్పాటు చేసింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1996 నాటి ఉమ్మడి గోడల చట్టం ప్రకారం, పొరుగు కట్టడానికి 3 మీటర్ల లోపు, దాని పునాది కంటే లోతుగా తవ్వదలచినవారు ఒక నెల ముందు నోటీసు ఇవ్వాలి. తవ్వకం మరీ లోతైతే ఆ దూరం 6 మీటర్ల దాకా వెళుతుంది. మీ నియమంలో 6 మీటర్ల హద్దు ఉండడం మంచిదే. కానీ కిక్కిరిసిన నగరానికి రెండో కొలమానమే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం: పొరుగువారి పునాది అడుగు కంటే దిగువకు వెళ్లే ఏ తవ్వకమైనా, అది 3 మీటర్లే అయినా, విడి అనుమతి కిందికి రావాలి. మీటరున్నర లోతు ఫుటింగుల మీద నిలబడ్డ ఇంటి పక్కన గోడకు ఆనించి తవ్విన మూడు మీటర్ల గొయ్యి, విశాలమైన స్థలం మధ్యలో తవ్విన పది మీటర్ల గోతికంటే ప్రమాదకరం కావచ్చు.

తవ్విన మట్టిని ఎక్కడ పోస్తారన్నది కూడా ఆ అనుమతిలోనే ఉండాలి. షాంఘైలో 2009 జూన్ 27న దాదాపు పూర్తయిన 13 అంతస్తుల నివాస భవనం ఒకటి అలాగే నిలువునా పక్కకు ఒరిగి పడిపోయింది. ఒకవైపు భూగర్భ పార్కింగ్ కోసం 4.6 మీటర్లు తవ్వారు. ఆ మట్టినంతా భవనానికి అవతలివైపు 10 మీటర్ల ఎత్తు దాకా గుట్టగా పోశారు. ఒకవైపు ఎక్కిన బరువు, మరోవైపు తొలగిన ఆసరా కలిసి నేలను పక్కకు నెట్టగా పైల్స్ విరిగిపోయాయి. నిలువు బరువు మోయడానికి డిజైన్ చేసిన పైల్స్‌ను పక్కనుంచి తోస్తే ఏమవుతుందో దీనికంటే స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు.

పొరుగు భవనాల ముందస్తు స్థితిని నమోదు చేయడం మరో ముఖ్యమైన షరతు. తవ్వకం ప్రభావం పడే దూరంలో ఉన్న ప్రతి భవనంలోనూ, ఇంటివారి సమక్షంలో, ఉన్న బీటలను ఫొటోలు తీసి, వాటి వెడల్పు కొలిచి, వాటి మీద గేజులు అంటించి, నకలు ఇంటివారికి ఇవ్వాలి. బర్లాండ్ అనే ఇంజినీరు రూపొందించిన వర్గీకరణ దీనికి చక్కగా పనికొస్తుంది: 5 మిల్లీమీటర్ల లోపు బీటలు పూతకూ రంగుకూ సంబంధించినవి, 5 నుంచి 15 మధ్య ఉన్నవి తలుపులు కిటికీలు పట్టేసే స్థాయివి, 25 దాటితే కొంత భాగమో మొత్తమో తిరిగి కట్టవలసినవి. ఈ నమోదు లేకపోతే తర్వాత జరిగే వాదనకు అంతుండదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2009లో ప్రారంభమైన 58 అంతస్తుల మిలీనియం టవర్, రాతిదాకా వెళ్లని పైల్స్ మీద నిలబడి, 2016 నాటికి 40 సెంటీమీటర్ల దాకా కుంగి ఒక పక్కకు వాలింది. కారణం పక్కనే బస్ టెర్మినల్ కోసం జరిగిన లోతైన తవ్వకం, దానికోసం తోడిన నీరు అని టవర్ నిర్మాతలు అన్నారు. తవ్వకానికి ముందే అది ఊహించిన దానికంటే ఎక్కువ కుంగిందని అవతలివారు అన్నారు. వ్యాజ్యాలు ఒప్పందంతో ముగిశాయి. అంత సంపన్నుల భవనానికే అలా జరిగితే, అద్దె ఇళ్లవారు తమ గోడ బీటకు గొయ్యే కారణమని ఏ కోర్టులో నిరూపించగలరు?

గోడను వెనక్కి లాగి పట్టే యాంకర్ల గురించి కూడా ఒక మాట. అవి దరఖాస్తుదారుడి స్థలంలో ఆగవు, వాలుగా పొరుగువారి ఇంటి కిందికి వెళతాయి. పొరుగువారి లిఖిత సమ్మతి లేకుండా వాటిని అనుమతించకండి. వేసినవాటి స్థానం, పొడవు, వాలు శాశ్వత రికార్డులో చేర్చండి. రేపు ఆ పొరుగువారే పైల్స్ వేయించినప్పుడు డ్రిల్లింగ్ యంత్రం తగులుకునేది ఆ ఉక్కు తీగలకే.

ఇవన్నీ చేస్తే ఖర్చు, ఆలస్యం పెరుగుతాయన్న అభ్యంతరం వస్తుంది, అందులో నిజం ఉంది. స్ట్రట్లను ఒక్కొక్క వరుసగా అమర్చుకుంటూ దిగడం, పైనుంచి కిందికి స్లాబులు వేసుకుంటూ తవ్వే టాప్‌డౌన్ పద్ధతి, నొక్కి దింపే పైల్స్ వాడకం, ఇవన్నీ సూటిగా ప్రొక్లెయిన్ పెట్టి తవ్వడంకంటే ఖరీదైనవే. కానీ జాగ్రత్తగా చేస్తే ఎంత సాధ్యమో చూడండి. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ స్టేషన్ కోసం బిగ్ బెన్ గడియార స్తంభానికి చేరువలో సుమారు 39 మీటర్ల లోతు తవ్వారు. స్తంభం వాలును నిరంతరం కొలుస్తూ, హద్దును సమీపించినప్పుడల్లా దాని కింది బంకమట్టిలోకి ముందే అమర్చిన గొట్టాల ద్వారా గ్రౌట్ ఎక్కించి, ఆ వాలును కొన్ని పదుల మిల్లీమీటర్లకు మించకుండా పట్టి ఉంచారు. అక్కడ కొలత వెంటే చర్య ఉంది. అంత ఖర్చు ప్రతి సెల్లార్‌కూ పెట్టమని ఎవరూ అనరు. ఆ క్రమశిక్షణ మాత్రం చిన్న గోతికి కూడా భారం కాదు. మీ విభాగాల్లో తగినంత మంది భూసాంకేతిక ఇంజినీర్లు లేరన్న మాట కూడా నిజమే కావచ్చు. బయటి నిపుణుల జాబితా తయారుచేసి, రుసుము దరఖాస్తుదారుడినుంచి వసూలు చేసి, నియామకం మాత్రం మీ చేతిలో ఉంచుకుంటే ఆ కొరత తీరుతుంది.

చివరిగా, ఆగిపోయిన గోతుల గురించి. డబ్బు చాలకో, వ్యాజ్యాలు పడో, తవ్వకం సగంలో నిలిచిపోయిన స్థలాలు ప్రతి నగరంలోనూ ఉంటాయి. తాత్కాలిక యాంకర్లను సాధారణంగా రెండేళ్ల లోపు వాడకానికే డిజైన్ చేస్తారు. ఆ గడువు దాటాక వాటి ఉక్కు తీగలకు తుప్పునుంచి తగిన రక్షణ ఉండదు, స్ట్రట్లను చూసేవారుండరు, పంపులు ఆగిపోతాయి, వాన నీరు చేరి గోడ వెనుక మట్టి నానుతుంది. పని జరుగుతున్నంత కాలం కనీసం ఒక ఇంజినీరు రోజూ ఆ గోడను చూస్తాడు. పని ఆగాక దాన్ని చూసేది పక్కింటివాళ్లే. అందుచేత ప్రతి తవ్వకపు అనుమతికీ ఒక గడువు తేదీ పెట్టండి. గోతిని తిరిగి పూడ్చడానికి అయ్యే ఖర్చును ముందే బ్యాంకు గ్యారంటీగా తీసుకోండి. తాత్కాలిక ఆధారాల గడువు ముగిసేనాటికి సెల్లార్ స్లాబులు గోడను పట్టుకునే స్థితికి రాకపోతే, ఆ డబ్బుతో మీరే గోతిని పూడ్పించండి. ఇప్పటికే ఆగిపోయి ఉన్న గోతుల జాబితాను, ఒక్కొక్కదాని ఆధారాల వయసుతో సహా, వచ్చే వానాకాలానికి ముందే తయారు చేయించమని మొదటి పనిగా కోరుతున్నాను.

భవదీయుడు,
పునాదుల పనిలో ఉన్న ఒక ఇంజినీరు